మిరాశి లేని స్వాతంత్ర్యం: తెలుగు స్వతంత్ర సంగీతకారుల జీవిక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

సినిమా సంస్థల ఆసరా, స్థిరమైన ఉద్యోగం లేకుండా పాటనే జీవికగా చేసుకున్న కళాకారులను నేడు ‘స్వతంత్ర సంగీతకారులు’ అని వ్యవహరిస్తున్నారు. యూట్యూబ్, స్ట్రీమింగ్ వేదికలు వచ్చాక వీరి సంఖ్య పెరిగింది, వీరి పాటలు చేరే దూరమూ పెరిగింది. జీవిక మాత్రం ఆ మేరకు నిలదొక్కుకోలేదు. తెలంగాణ ఆశ్రిత కళారూపాల్లోని ‘మిరాశి’ వ్యవస్థను కొలమానంగా తీసుకొని, గ్రామఫోన్ కాలం నుంచి నేటి జానపద యూట్యూబ్ గీతాల వరకు పాట మీద మళ్లీమళ్లీ ప్రతిఫలం పొందే హక్కు ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ హక్కు పాట రూపాన్ని ఎలా ప్రభావితం చేస్తున్నదో కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: స్వతంత్ర సంగీతం, మిరాశి, ఆశ్రిత కులాలు, ప్రదర్శకుల హక్కు, ప్రైవేటు పాట, యూట్యూబ్ జానపదం, రాయల్టీ.

1. ఉపోద్ఘాతం

‘స్వతంత్ర సంగీతం’ అనే పదబంధం తెలుగులో ఇటీవలిది. ‘ఇండిపెండెంట్’, ‘ఇండీ’ అనే మాటలకు సమానార్థకంగా వాడుకలోకి వచ్చింది. అంతకు పూర్వం ఇటువంటి వాటిని ‘ప్రైవేటు పాటలు’ అనేవారు. గ్రామఫోన్ రికార్డుల నాటి నుంచి క్యాసెట్ల కాలం దాకా ఈ మాటే చెల్లుబాటయింది. సినిమా పాట అందరిదీ, దాని వెలుపలి పాట ఎవరి సొంత వ్యవహారం వారిదీ అన్న ధ్వని ఆ పేరులో ఉంది. కొత్త పేరు ఆ న్యూనతను తొలగించి ఒక గౌరవాన్ని తెచ్చింది. అయితే స్వతంత్రం దేని నుంచి అన్న ప్రశ్నకు కొత్త పేరులోనూ సమాధానం లేదు. నిర్మాత నుంచి స్వతంత్రుడైన గాయకుడు వేదిక యాజమాన్యం మీద, ఛానెల్ యజమాని మీద, పెళ్లి ఊరేగింపుల రుతువు మీద ఆధారపడి ఉండవచ్చు. అందువల్ల కళాకారుడు ఎవరి మీదా ఆధారపడకుండా ఉన్నాడా లేదా అని చూడటం వల్ల ప్రయోజనం తక్కువ. ఆ ఆధారపడటంలో అతనికి అడిగి తీసుకునే హక్కు ఏదైనా ఉన్నదా అని చూడాలి. తెలుగునేలలో ఈ ప్రశ్నకు ఒక పాత సమాధానం ఉంది.

2. మిరాశి: అడిగి తీసుకునే హక్కు

తెలంగాణలో అనేక కులాలకు వాటిని ఆశ్రయించి జీవించే కళాకారుల కులాలు ఉన్నాయి. మాదిగలకు డక్కలి, చిందు కళాకారులు, పద్మశాలీలకు కూనపులి వారు, గొల్లలకు మందెచ్చుల వారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, ముదిరాజులకు కాకిపడగల వారు. వీరు తమ దాతృకులపు పురాణాన్ని, వంశావళిని పటం మీద చూపుతూనో, వాద్యం మీద పాడుతూనో వినిపిస్తారు. డక్కలివారి జాంబపురాణం, కూనపులివారి మార్కండేయ పురాణం ఈ కోవలోవే. తెలుగు విశ్వవిద్యాలయాల్లో ఈ కళారూపాల మీద వచ్చిన పరిశోధన వాటి కథాంశాన్ని, భాషను, ఆహార్యాన్ని, ప్రదర్శన పద్ధతిని విస్తారంగా నమోదు చేసింది. వాటి ఆర్థిక నిర్మాణం సాధారణంగా ‘సామాజిక నేపథ్యం’ అనే అధ్యాయంలో రెండు మూడు పుటలకు పరిమితమైపోయింది.

ఆ రెండు మూడు పుటల్లోని విషయమే ఇక్కడ ముఖ్యం. ఒక్కొక్క కళాకారుల కుటుంబానికి కొన్ని నిర్దిష్ట గ్రామాలు ఉంటాయి. ఆ గ్రామాల్లోని దాతృకులం ముందు ప్రదర్శించే హక్కు ఆ కుటుంబానిదే. మరొక కుటుంబం ఆ ఊళ్లో పటం విప్పకూడదు. ఈ హక్కునే మిరాశి అంటారు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం పంచుకున్నట్లే ఊళ్లనూ పంచుకుంటారు. అవసరమైనప్పుడు మిరాశి గ్రామాన్ని కుదువపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. తగాదా వస్తే కులపంచాయతీ తీర్చేది. దాతృకులం ఇచ్చే ధాన్యం, నగదు, వస్త్రం భిక్షగా లెక్కకు రాదు. కొన్ని సమూహాల్లో దానిని ‘త్యాగం’ అంటారు. అది ఇవ్వవలసినది. కళాకారుడు దానిని యాచించడు, వసూలు చేసుకుంటాడు.

ఈ వ్యవస్థలో మూడు నియమాలు కలిసి పనిచేశాయి. శ్రోత నియతం, రాక నియతం, ప్రతిఫలం నియతం. కళాకారుడు కొత్త శ్రోతల కోసం పరుగెత్తనక్కరలేదు. తన ఊళ్లు తనకు ఉన్నాయి. ఒకసారి వినిపించిన పురాణానికే మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ ప్రతిఫలం దొరుకుతుంది. నేటి పరిభాషలో చెప్పాలంటే పాట మీద పునరావృత ఆదాయం, అదీ వారసత్వంగా సంక్రమించేది, ఒక మౌఖిక వ్యవస్థలో అమలులో ఉండేది.

కెవిన్ కెల్లీ 2008లో రాసిన ‘వెయ్యిమంది నిజమైన అభిమానులు’ అనే వ్యాసం నేటి స్వతంత్ర కళాకారులకు దాదాపు సూత్రగ్రంథం అయింది. కోట్లమంది శ్రోతలు అక్కరలేదనీ, ఏడాదికి 100 డాలర్ల చొప్పున ఖర్చు పెట్టే 1000 మంది ఉంటే ఒక కళాకారుడు బతకగలడనీ దాని సారాంశం. డక్కలి కళాకారునికి ఇందులో కొత్తదనం ఏమీ కనిపించదు. అతని మిరాశి గ్రామాల పట్టిక సరిగ్గా అదే. తేడా ఒకచోట ఉంది. కెల్లీ చెప్పిన అభిమాని ఏ నెలలోనైనా మనసు మార్చుకోవచ్చు. మిరాశి దాత అలా మార్చుకోలేడు. త్యాగం ఇవ్వకపోవడం కులగౌరవానికి మచ్చ.

మిరాశిని ఆదర్శంగా చూపడానికి మాత్రం వీలులేదు. ఆ హక్కు కులవ్యవస్థ మెట్ల మీద నిలబడింది. డక్కలివారిని దాతలైన మాదిగలే అంటరానివారుగా చూశారు. అంటరానితనం లోపల మరొక అంటరానితనం అది. కళాకారుని పిల్లవాడు మరొక వృత్తిని ఎంచుకునే స్వేచ్ఛ ఆ వ్యవస్థలో లేదు. హక్కు ఉంది, స్వాతంత్ర్యం లేదు. దాతృకులాల వృత్తులు కూలిపోవడం, వలసలు, సినిమా, టెలివిజన్, వీటికి తోడు ఆత్మగౌరవ చైతన్యం వల్ల మిరాశి సడలిపోయింది. సడలిపోవలసినదే. అది పోయినప్పుడు దానిలో ఇమిడి ఉన్న హక్కు కూడా వెంట పోయింది, దాని స్థానంలో మరొకటి రాలేదు.

3. గ్రామఫోన్ నుంచి ఆకాశవాణి వరకు: ఒక్కసారి ఇచ్చే సొమ్ము

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతును గ్రామఫోన్ కంపెనీ ముద్రించడంతో భారతీయ సంగీతం గాయకుని నుంచి విడిపోయి వస్తువుగా మారింది. పాడినవారు లేకుండానే పాట ఊరూరా తిరగగలిగింది. మిరాశి కళాకారుడు ఊరికి వెళ్లినప్పుడే పాట వెళ్లేది, ప్రతిఫలమూ అప్పుడే వచ్చేది. రికార్డు ఆ ముడిని తెంచింది. గాయకునికి రికార్డింగు రోజున ఒక మొత్తం ఇచ్చి పంపించే పద్ధతి చాలా సందర్భాల్లో స్థిరపడింది. ఆ పైన ఎన్ని ప్రతులు అమ్ముడైనా అది కంపెనీ వ్యవహారం.

ఆకాశవాణి ఈ లెక్కను కొంత మార్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారి చేతుల్లో తెలుగు లలితసంగీతం ఒక ప్రత్యేక ప్రక్రియగా ఎదిగిందంటే దాని వెనుక జీతం ఉంది, గ్రేడు ఉంది, నెలనెలా వచ్చే కార్యక్రమాల చెక్కు ఉంది. రావు బాలసరస్వతీదేవి సినిమాలోనూ, దానికి వెలుపల లలితగీతంలోనూ సమానంగా నిలబడగలగడం ఆ ఆవరణలోనే సాధ్యపడింది. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలకు దాదాపు తలుపులు మూసింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభంతో సినిమా పాట తిరిగి ఆకాశవాణిలోకి వచ్చింది. సినిమాయేతర పాటకు రాజ్యమే దాత అయిన కాలం అది. ఆ దాతకు అభిరుచి ఉంది, శ్రోతలు ఏమి వింటున్నారో పట్టించుకోవలసిన అవసరం మాత్రం తక్కువ. లలితగీతం సాహిత్యపరంగా అంత నిగ్రహంగా, అంత నిరపాయంగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

4. చట్టంలోని గాయకుడు

1957 నాటి కాపీరైట్ చట్టం మొదటి రూపంలో గాయకుడు లేడు. కవికి సాహిత్యం మీద, స్వరకర్తకు సంగీతం మీద, నిర్మాతకు ధ్వనిముద్రణ మీద హక్కులున్నాయి. గొంతు ఇచ్చినవారికి ఏదీ లేదు. 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీకి, తూర్పు భారత చలనచిత్ర సంఘానికి మధ్య నడిచిన వ్యాజ్యంలో 1977లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. ప్రతిఫలం చెల్లించి రాయించుకున్న పాటకు, కట్టించుకున్న బాణీకి, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, సినిమా నిర్మాతే తొలి యజమాని అని ఆ తీర్పు సారాంశం. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దానికి ఒక అనుబంధ వ్యాఖ్య జోడించారు. భారతీయ సంగీతంలో పాడేవారే ప్రాణమైనప్పుడు చట్టంలో వారికి చోటులేకపోవడం ఈ దేశపు సంప్రదాయానికి పొసగదని పార్లమెంటు దృష్టికి తెచ్చారు. ఆ మాట శాసనంగా మారడానికి 17 ఏళ్లు పట్టింది. 1994 సవరణ ‘ప్రదర్శకుల హక్కు’ను తెచ్చింది. అయితే సినిమాలో చేరడానికి ఒకసారి సమ్మతించిన ప్రదర్శన మీద ఆ హక్కు పనిచేయదని అదే సెక్షన్‌లో చెప్పింది. కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేత్తో తీసుకున్నట్లయింది.

2012 సవరణతో పరిస్థితి మౌలికంగా మారింది. 18వ సెక్షన్‌కు చేర్చిన షరతుల ప్రకారం గీతరచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును సినిమా నిర్మాతకు గానీ సంగీత కంపెనీకి గానీ వదులుకోలేరు. వదులుకున్నట్లు సంతకం చేసినా అది చెల్లదు. థియేటరులో సినిమాతోపాటు వినిపించినప్పుడు తప్ప, మిగిలిన వినియోగాలన్నింటిలో వారికి సమాన వాటా. సినిమాలో భాగం కాని ధ్వనిముద్రణలకూ ఇదే రక్షణ వర్తిస్తుందని వేరొక షరతు స్పష్టం చేసింది. ఈ రెండవ షరతు గురించి తెలుగులో చర్చ దాదాపు లేదు. ప్రైవేటు పాట రాసేవారికి, కట్టేవారికి ప్రత్యక్షంగా సంబంధించినది అదే. కొత్తగా వచ్చిన 38ఎ ప్రకారం ప్రదర్శకులకు వాణిజ్య వినియోగంలో రాయల్టీ, 38బి ప్రకారం తమ పేరు చెప్పించుకునే నైతికహక్కు లభించాయి. ప్రదర్శకుల హక్కు గడువు 50 ఏళ్లు.

చట్టం ‘ప్రదర్శకుడు’ అనే మాటను నిర్వచించిన తీరు ఆసక్తికరం. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, దొమ్మరి, గారడీవాడు, పాములవాడు, ఉపన్యాసం ఇచ్చేవాడు అందరూ ఒకే వరుసలో ఉన్నారు. కళాశాల అధ్యాపకుడూ పాములవాడూ ఒకే సెక్షన్ నీడన నిలబడటం ఇక్కడ తప్ప మరెక్కడా సంభవించదేమో.

పత్రం మీద ఇది మిరాశికి ఆధునిక ప్రత్యామ్నాయం. వదులుకోవడానికి వీలులేని, వారసులకు చెందే, మళ్లీమళ్లీ ప్రతిఫలం తెచ్చే హక్కు. కులంతో నిమిత్తం లేనిది కూడా. అయితే మిరాశిని అమలు చేయడానికి కులపంచాయతీ ఊళ్లోనే ఉండేది. ఈ హక్కును వసూలు చేయడానికి కాపీరైట్ సొసైటీలో సభ్యత్వం ఉండాలి, ప్రతి పాట వివరమూ నమోదు కావాలి, ఎవరు రాశారు, ఎవరు కట్టారు అన్నది ముందే లిఖితపూర్వకంగా తేలాలి. గోదావరిఖనిలోనో నాగర్‌కర్నూలులోనో ఒక గదిలో పాట ముద్రించే బృందానికి ఈ వ్యవస్థ ఉన్నదన్న సమాచారమే అరుదుగా చేరుతుంది.

5. యూట్యూబ్ జానపదం: యజమాని ఎవరు, రూపం ఎవరిది

తెలంగాణలో గత పదేళ్లలో వెల్లువెత్తిన యూట్యూబ్ జానపద గీతం నేటి తెలుగు స్వతంత్ర సంగీతంలో అన్నిటికన్నా పెద్ద పాయ. విమర్శ దీనిని ఇంకా సాహిత్యంగా గుర్తించలేదు. ఇందులో పాట తయారయ్యే పద్ధతి సాధారణంగా ఇలా ఉంటుంది. ఒక ఛానెల్ యజమాని పెట్టుబడి పెడతాడు. రచయితకు, గాయనికి, సంగీతం చేసేవారికి, నృత్యం చేసే జంటకు, కెమెరా పట్టినవారికి తలా ఒక మొత్తం ముట్టజెబుతాడు. పాట అతని ఛానెల్‌లో వస్తుంది. చట్టం దృష్టిలో ధ్వనిముద్రణకు చొరవ, బాధ్యత తీసుకున్నవాడే నిర్మాత. కనుక ముద్రణ అతనిది. ప్రకటనల ఆదాయమూ అతని ఖాతాకే వస్తుంది. సినిమా నిర్మాతను కాదని వచ్చిన పాట మరొక చిన్న నిర్మాత చేతిలో పడింది. ఆ చిన్న నిర్మాత కూడా తరచూ అప్పు చేసి పాట తీసే మధ్యతరగతి యువకుడే. అతడిని దోపిడీదారుగా చిత్రించడం తేలిక, సరైనది కాదు.

సొంతంగా ఛానెల్ పెట్టుకున్న కళాకారుని లెక్క వేరు. యూట్యూబ్ 2018 నుంచి ప్రకటనల ఆదాయంలో వాటా పొందడానికి 1000 మంది చందాదారులు, 12 నెలల్లో 4000 గంటల వీక్షణం ఉండాలని నిర్దేశించింది. ఆ గడప దాటినవారికి పూర్తినిడివి వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం దక్కుతుంది. షార్ట్స్‌లో 45 శాతం. స్పాటిఫై 2024 నుంచి గడచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినని పాటకు ముద్రణ రాయల్టీ చెల్లించడం మానుకుంది. పైగా స్ట్రీమింగ్‌లో ఒక్కొక్క వినికిడికి నిర్ణీతమైన ధర ఉండదు. వచ్చిన ఆదాయమంతా ఒక రాశిగా పోసి, మొత్తం వినికిడులలో ఎవరి వాటా ఎంతో అంత పంచుతారు. శ్రోత తాను చెల్లించిన చందా తాను విన్న చిన్న గాయనికే చేరుతుందని అనుకుంటాడు. ఆ సొమ్ములో అధికభాగం అతడు ఎన్నడూ వినని పెద్ద పాటల వైపు వెళ్లిపోవచ్చు. కల్లం దగ్గర కొలిచి ఇచ్చే ‘త్యాగం’లో ఈ గందరగోళం లేదు, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ముఖాలు తెలుసు.

ఈ లెక్కలు పాట శరీరంలోకి ప్రవేశించాయి. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక వినికిడిగా లెక్క. వీక్షకుడు మొదటి కొన్ని క్షణాల్లోనే వేలు కదిపి వెళ్లిపోగలడు. కాబట్టి నేటి జానపద గీతం పల్లవి పతాకస్థాయితోనే మొదలవుతుంది. ఒగ్గుకథలో గణపతిని, శారదను తలచుకుని, గురువుకు దండం పెట్టి, డోలు వేగం పెంచి కథలోకి దిగడానికి ఎంత సమయం కావాలో అంతా పడుతుంది. ముప్పై సెకన్లలో ఒగ్గు కళాకారుడు గొంతు సవరించుకోవడం కూడా పూర్తికాదు. రాత్రుల తరబడి సాగే కథాగానం నుంచి ఒక చరణాన్ని కోసి, బావామరదళ్ల సరసంగా మార్చి, డీజే దరువు వేసి నాలుగైదు నిమిషాల్లో ముగిస్తే అది ‘ఫోక్ సాంగ్’ అవుతుంది. కథనగేయం తగ్గింది, శ్రమగేయం దాదాపు కనుమరుగైంది, శృంగారసంవాదం నిండిపోయింది. జానపదుల అభిరుచి దిగజారిందని కొందరు దీనికి కారణం చెబుతారు. ఆ నిందకు ఆధారం లేదు. ఏ రూపానికి ప్రతిఫలం ఉన్నదో ఆ రూపం పెరిగింది.

2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ ఈ నిర్మాణానికి మంచి ఉదాహరణ. పెళ్లికూతురు తన కాబోయే జీవితాన్ని ఊహించుకుంటూ వరునితో మాట్లాడే పాట అది. విడుదలైన కొన్ని నెలలకు ఒక వధువు తన పెళ్లి ఊరేగింపులో దానికి నృత్యం చేసిన దృశ్యం వ్యాపించడంతో పాట ప్రతి బరాత్‌కు చేరింది. పూర్వం అప్పగింతల పాటలు, తలుపు దగ్గరి పాటలు పాడిన స్త్రీల స్థానంలో స్పీకరు వచ్చింది. అయినా పాట చేసే పని పాతదే. స్త్రీ గొంతు అత్తింటికి వెళ్తూ దుఃఖించడానికి బదులు బండి ఎక్కి వెళ్తానంటోంది. ఆ మార్పును చిన్నచూపు చూడకూడదు. ఆ పాట మోగిన ప్రతి పెళ్లిలో డీజేకు కిరాయి ముట్టింది, నృత్యబృందానికి ముట్టింది. పాట రాసినవారికి, కట్టినవారికి, పాడినవారికి ఆ పెళ్లి నుంచి ఏమీ రాదు. వివాహ ఊరేగింపులో, వివాహానికి సంబంధించిన సామాజిక వేడుకల్లో పాట వినిపించడం ఉల్లంఘన కాదని కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షనే మినహాయించింది. ప్రైవేటు పాటకు అతిపెద్ద మార్కెట్ ఏదో సరిగ్గా అక్కడే హక్కు ఆగిపోతుంది.

మంగ్లీ ప్రస్థానం దీనికి భిన్నమైన దారిని చూపుతుంది. వార్తాఛానెల్‌లో తెలంగాణ యాసలో మాట్లాడే వ్యాఖ్యాతగా, బతుకమ్మ పాటల గాయనిగా పేరు తెచ్చుకుని, తన పేరుతోనే ఛానెల్ నడిపి, ఆ తర్వాత సినిమా గాయనిగా స్థిరపడ్డారు. శివరాత్రికి ఒకటి, బోనాలకు ఒకటి, బతుకమ్మకు ఒకటి చొప్పున ఏటేటా ఆమె పాటలు వస్తూ ఉంటాయి. మిరాశిలోని రెండవ నియమం, రాక నియతం కావడం, ఇక్కడ పండుగల క్యాలెండరు రూపంలో తిరిగి వచ్చింది. పాత బతుకమ్మ పాట పండుగ వచ్చినప్పుడల్లా మళ్లీ వినబడుతుంది. పాట ఆమె ఛానెల్‌లోనే ఉంది గనుక ప్రతిఫలమూ ఆమె చేతికే తిరిగి వస్తుంది. ఈ క్యాలెండరు లేని గాయకులు ఒక్క పాటతో పేరు తెచ్చుకుని రెండేళ్లలో మరుగునపడటం తరచూ కనిపిస్తుంది. హైదరాబాదు ‘చౌరస్తా’ బృందంలో ‘ఊరెళ్లిపోతా మామా’ పాటతో గుర్తింపు పొందిన రామ్ మిర్యాల తర్వాత ‘జాతిరత్నాలు’ (2021), ‘డీజే టిల్లు’ (2022) సినిమాల పాటలతో ప్రసిద్ధి చెందారు. ఇక్కడ స్వతంత్ర సంగీతం సినిమాకు ప్రవేశపరీక్షలా పనిచేసింది. దానిని ఓటమి అనలేము. కానీ స్వతంత్ర రంగం తన ప్రతిభావంతులను తనలో నిలుపుకునే శక్తి సంపాదించుకోలేదనడానికి అది సాక్ష్యం.

6. ‘జానపదం’ అనే ముద్ర చేసే పని

2021 ఆరంభంలో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట వెలువడినప్పుడు ఒక వివాదం వచ్చింది. సుద్దాల అశోక్‌తేజ రచించిన ఈ గీతానికి ఆధారం ఒక జానపద గీతం. ఆ మూలగీతాన్ని పల్లెలో సేకరించి అంతకు ముందే టెలివిజన్ వేదిక మీద పాడిన ఒక గాయని తన ప్రస్తావన లేకపోవడాన్ని బహిరంగంగా ప్రశ్నించారు. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని ప్రకటించడంతో వివాదం సద్దుమణిగింది. ఆ చర్చలో ఎక్కువమంది ‘జానపదం ఎవరి సొత్తు?’ అని అడిగి ఊరుకున్నారు.

ఈ ప్రశ్నను విడదీసి చూడాలి. అజ్ఞాతకర్తృకమైన గీతానికి చట్టంలో రచయిత లేడు. కాబట్టి 18వ సెక్షన్ రక్షణ ఎవరికీ వర్తించదు. దానిని మార్చి రాసిన సినిమా కవికి తన రచన మేరకు హక్కు ఏర్పడుతుంది. సేకరించినవారికి చట్టపరంగా ఏ స్థానమూ లేదు. తాను పాడిన నిర్దిష్ట ప్రదర్శన మీద మాత్రం ప్రదర్శకురాలిగా హక్కు ఉంది. అంటే పాటను తరతరాలు బతికించిన గొంతుల శ్రమ ఎక్కడా లెక్కకు రాదు, చివరిగా కాగితం మీద పెట్టినవారి దగ్గర లెక్క మొదలవుతుంది. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట ‘కుబుసం’ (2002) సినిమాలో చేరినప్పుడు ఈ చిక్కు లేదు. బాణీ, భాష జానపదమే అయినా కవి ఎవరో లోకానికి తెలుసు. కర్త పేరు తెలియడానికీ, తెలియకపోవడానికీ మధ్య దూరం ఇక్కడ జీవికకు సంబంధించినది.

విచిత్రమేమంటే నేడు ‘ఫోక్’ పేరుతో వెలువడే పాటల్లో అధికభాగం కొత్తగా రాసినవే. వాటికి రచయితలున్నారు. అయినా ‘జానపదం’ అనే ముద్ర వేయగానే రచయిత పేరు వివరాల పెట్టెలో అట్టడుగుకు జారిపోతుంది, మరొక ఛానెల్ ఆ పాటను తిరిగి తీసినప్పుడు పూర్తిగా మాయమవుతుంది. జానపదమనే మాట ఒకప్పుడు కర్త తెలియని స్థితిని వర్ణించింది. ఇప్పుడు కర్తను తెలియకుండా చేస్తోంది.

పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య ఉదంతం ఈ చర్చకు మరొక పార్శ్వం. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన ఈ డక్కలి కళాకారుడు వెదురు, సొరబుర్రలతో చేసిన వాద్యం మీద పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు పాడేవారు. 2021లో ‘భీమ్లా నాయక్’ శీర్షికాగీతానికి ఆయన గొంతు ప్రారంభం అయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం పింఛను, నగదు సహాయం, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివారులో కూలిపనికి వెళుతున్నట్లు వార్తలు వచ్చాయి. పత్రికలు దీనిని దయనీయగాథగా రాశాయి. దయ ఇక్కడ పనికిరాని దృష్టికోణం. సన్మానం, పురస్కారం, ప్రకటన అన్నీ ఒకసారి ఇచ్చేవి. పింఛను నియతమే అయినా పాటతో దానికి సంబంధం లేదు, ఇచ్చేవారి నిర్ణయం మీద నిలుస్తుంది. ఆయన తాతలకు పేరు లేదు, ఊళ్లు ఉన్నాయి. ఆయనకు దేశమంతా పేరు ఉంది, ఊళ్లు లేవు.

7. జీతమిచ్చే దాత

తెలంగాణ ఏర్పడిన తర్వాత 2014లో నెలకొల్పిన తెలంగాణ సాంస్కృతిక సారథి, ఉద్యమంలో పాడిన కళాకారుల్లో 550 మందికి ఉద్యోగాలిచ్చింది. పాటగాడికి నెలజీతం రావడం తెలుగు సంగీతచరిత్రలో చిన్న విషయం కాదు. ఆ జీతంతో పిల్లలను చదివించుకున్న కుటుంబాల ముందు నిలబడి స్వాతంత్ర్యం గురించి ఉపన్యసించడం అనుచితం కూడా. విమర్శ చూడవలసింది పాటను. ప్రభుత్వాన్ని నిలదీస్తూ పుట్టిన ధూంధాం పాట, పథకాల ప్రచారగీతంగా మారినప్పుడు బాణీ అదే, దరువు అదే; ప్రశ్నార్థకం స్థానంలో జాబితా వచ్చింది. లలితగీతానికి ఆకాశవాణి ఏమి చేసిందో ఉద్యమగీతానికి ఈ ఉద్యోగం అదే చేసింది: బతికించింది, మెత్తబరిచింది.

8. పరిశోధకుని రికార్డరు

ఈ గొలుసులో విశ్వవిద్యాలయం కూడా ఒక కొక్కెం. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ మొదలుకొని నేటి వరకు వందలాది పాటలు పరిశోధకుల చేతుల మీదుగా అచ్చులోకి వచ్చాయి. ఆ పని లేకపోతే వాటిలో చాలా భాగం నశించేది. అయితే సిద్ధాంతగ్రంథాల అనుబంధంలో వక్తల పట్టిక ఎలా ఉంటుందో చూడాలి. పేరు, ఊరు, వయస్సు, కులం, సేకరించిన తేదీ. పాడినవారికి తమ పాట ఏమి కాబోతున్నదో చెప్పినట్లు గానీ, దాని మీద వారికి ఏ హక్కు మిగిలిందో గానీ సూచించే గడి ఆ పట్టికలో సాధారణంగా ఉండదు. చట్టం ప్రకారం క్షేత్రపర్యటనలో ధ్వనిముద్రణకు చొరవ తీసుకున్నవాడు పరిశోధకుడు. కాబట్టి ముద్రణకు ‘నిర్మాత’ అతడే. యూట్యూబ్ ఛానెల్ యజమాని ఏ స్థానంలో ఉన్నాడో పరిశోధకుడూ అదే స్థానంలో ఉన్నాడు, ఆదాయం లేకపోవడం ఒక్కటే తేడా. నేడు ఆ తేడా కూడా చెరిగిపోతోంది. క్షేత్రపర్యటన దృశ్యాలు సొంత ఛానెళ్లలోకి ఎక్కుతున్నాయి.

2020లో ఒక మందెచ్చుల కళాకారుని గానాన్ని ఫోనులో ముద్రిస్తే, దాని మీద ఆయన ప్రదర్శకహక్కు 2070 డిసెంబరు 31 వరకు ఉంటుంది. ఆ మధ్యకాలంలో ఆ ముద్రణ ఏ సినిమాలోనో, ఏ ప్రకటనలోనో చేరవచ్చు. అప్పుడు ఆయన కుటుంబం చూపగలిగిన ఆధారం సిద్ధాంతగ్రంథం అనుబంధంలోని ఒక వరుస మాత్రమే, ఆ గ్రంథం ఏ గ్రంథాలయంలో ఉందో వారికి తెలిస్తే. పాడినవారి పేరు, వాద్యసహకారం చేసినవారి పేర్లు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పరంపర, ముద్రణను దేనికి వాడవచ్చు, దేనికి వాడకూడదు అన్నది ఒక కాగితం మీద రాసి, వారికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, ఒక ప్రతిని, ముద్రణ నకలును ఆ ఇంట్లోనే వదిలి రావడానికి నిధులు అక్కరలేదు. పిహెచ్.డి. నమోదు సమయంలో పర్యవేక్షకుడు అడిగితే సరిపోతుంది.